ఓపెన్ స్పేస్ సమావేశంలో ఎవరూ లేచి అంశం చెప్పకపోతే ఫెసిలిటేటర్ ఏం చేయాలి?

వలయం_అంచున

నమస్కారం. మరో మూడు వారాల్లో ఒక సంస్థ కోసం ఒక రోజు ఓపెన్ స్పేస్ సమావేశం, అంటే ముందస్తు కార్యక్రమ పట్టిక లేకుండా వచ్చినవారే అంశాలు పెట్టి చర్చించుకునే సమావేశం, ఫెసిలిటేటర్‌గా (నడిపే వ్యక్తిగా) నేను నడపవలసి ఉంది. దాదాపు 80 మంది పాల్గొంటారు. ఇంతకు ముందు పాతిక ముప్పై మంది ఉండే స్వచ్ఛంద బృందాలతో ఈ పద్ధతిలో పనిచేశాను గాని, పై అధికారి, కింది ఉద్యోగి అన్న మెట్లు స్పష్టంగా ఉన్న చోట నడపడం నాకు ఇదే మొదలు. అందుకే అనుభవం ఉన్నవారిని అడుగుతున్నాను.

ఈ సంస్థలో రెండు విభాగాల మధ్య చాలాకాలంగా పొరపొచ్చాలు ఉన్నాయి. ఒకే ఖాతాదారుకు రెండు విభాగాలూ రెండు రకాల జవాబులు చెప్పడం, తప్పు జరిగినప్పుడు ఒకరి మీద ఒకరు తోసుకోవడం అక్కడ అలవాటైపోయింది. 'మనం కలిసి ఎలా పనిచేయాలి?' అన్న ప్రశ్నను థీమ్‌గా పెట్టాలని సంస్థ అధిపతి అంటున్నారు. ఆయనకు ఈ పద్ధతి మీద నిజంగానే ఉత్సాహం ఉంది. అయితే మా మధ్య జరిగిన మాటల్లో ఆయన మూడు కోరికలు బయటపెట్టారు. ప్రారంభంలో ఎవరూ లేవకపోతే అందరికీ ఇబ్బందిగా ఉంటుంది కాబట్టి, నలుగురైదుగురిని ముందే సిద్ధం చేసి వాళ్లచేత అంశాలు చెప్పిద్దామన్నారు. ఒకేలా కనిపించే అంశాలను అక్కడికక్కడే నేను కలిపేయాలన్నారు. తానూ ఒక అంశం పెట్టి దాని మీద చర్చ నడుపుతానన్నారు.

ఈ మూడింటిలో దేనికి ఒప్పుకోవచ్చు, దేనికి ఒప్పుకోకూడదు? మరో సందేహం కూడా ఉంది. నేర్చుకోవడానికో చెప్పడానికో ఏమీ లేదనిపించిన చోటు నుంచి లేచి మరో చోటికి వెళ్లిపోవచ్చుననే రెండు కాళ్ల నియమాన్ని ప్రారంభంలో ఎంత బాగా వివరించినా, అధిపతి కూర్చున్న చర్చలోంచి ఏ ఉద్యోగి లేచి వెళతాడు?

గోడమీది_చీటీ

మీ మొదటి ప్రశ్నకు సూటి జవాబు ఏమిటంటే, మౌనం వస్తే ఏమీ చేయవద్దు, దాన్ని తప్పించడానికి మనుషుల్ని ముందే తయారుచేసి కూర్చోబెట్టనూ వద్దు. కాని ఈ జవాబు ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే అన్యాయం అవుతుంది, ఎందుకంటే ఆ రోజు వచ్చే మౌనం మంచి మౌనమా చెడ్డ మౌనమా అన్నది ఈ మూడు వారాల్లోనే చాలావరకు తేలిపోతుంది.

ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలిసే ఉంటుంది గాని, మీ అధిపతికి చెప్పడానికి పనికొస్తుందని మళ్లీ రాస్తున్నాను. హారిసన్ ఓవెన్ 1983లో సంస్థల పరివర్తన అనే విషయం మీద అంతర్జాతీయ సదస్సు ఒకటి ఏర్పాటు చేయడానికి ఏడాదిపాటు శ్రమించారు. అది ముగిశాక వక్తలు, పత్రాలు, ఏర్పాట్లు అన్నింటికంటే కాఫీ విరామాలే బాగున్నాయని వచ్చినవారు అన్నారు, ఆయనకూ అదే నిజమనిపించింది. అంతకు ఎన్నో ఏళ్ల ముందు లైబీరియాలోని బలామా అనే గ్రామంలో ఒక వేడుకను ఆయన చూసి ఉన్నారు. ప్రణాళికా సంఘం అన్నది ఎక్కడా కనిపించకుండానే వందలమంది రోజుల తరబడి ఆ వేడుకను సజావుగా నడుపుకున్నారు. వలయంగా కూర్చోవడం, ఊపిరిలా కలుస్తూ విడిపోతూ ఉండడం, కబుర్లు అంటించే గోడ, ఇచ్చిపుచ్చుకునే సంత, ఈ నాలుగింటినీ తీసుకుని 1985లో అదే సదస్సుల వరుసలో మూడోదాన్ని ఆయన ముందస్తు కార్యక్రమ పట్టిక లేకుండా నడిపారు. ఓపెన్ స్పేస్ టెక్నాలజీ అనే పేరు తర్వాత స్థిరపడింది. మీ అధిపతి గమనించవలసింది ఒక్కటే. కాఫీ విరామంలో ఏం మాట్లాడాలో ఎవరూ ముందే ఎవరికీ చెప్పి పంపరు. నలుగురైదుగురిని తయారుచేసిన మరుక్షణం ఆయన మళ్లీ పాత సదస్సునే, కుర్చీలు గుండ్రంగా వేసి, నడుపుతున్నట్టు.

ఇక మౌనం సంగతి. వలయం మధ్యలో నేల మీద కాగితాలు, మార్కర్లు ఉంటాయి. మీరు థీమ్ చెప్పి, సూత్రాలు వివరించి, 'ఈ విషయంలో మీకు నిజంగా పట్టింపు ఉండి, బాధ్యత తీసుకోవడానికి మీరే సిద్ధంగా ఉన్న ప్రశ్న ఏదైనా ఉంటే మధ్యలోకి రండి' అని పిలుస్తారు. పిలుపు విన్న మనిషి అందరి కళ్లూ తన మీద ఉండగా లేవాలి, అన్ని అడుగులు వేసి మధ్యకు రావాలి, వంగి పెద్ద అక్షరాలతో ప్రశ్న రాయాలి, కింద తన పేరు పెట్టాలి, నిలబడి గట్టిగా చదవాలి, ఆపైన సమయమూ చోటూ రాసి ఉన్న చీటీ ఒకటి పట్టుకెళ్లి తన కాగితంతో కలిపి గోడకు అంటించాలి. ఇంత పని చేయించడంలోనే పద్ధతి కీలకం ఉంది. చెయ్యెత్తి ఒక మాట అనేసి ఊరుకునేవారు వేరు, నేల మీద వంగి తన పేరు రాసేవారు వేరు. ఆ తేడా పనిచేయాలంటే కొంత సమయం ఖాళీగా గడవక తప్పదు. చాలాసార్లు అది ఒకటి రెండు నిమిషాలకు మించదు గాని, మధ్యలో నిలబడి ఉన్న ఫెసిలిటేటర్‌కు మాత్రం అరగంటలా తోస్తుంది.

కాబట్టి పిలిచాక మధ్యలో నిలబడకండి. వెళ్లి మీ కుర్చీలో కూర్చోండి. ముఖాలు ఒక్కొక్కటే చూడకండి, చూస్తే తరగతి గదిలో ఉపాధ్యాయుడు ఎవరిని లేపుదామా అని వెతుకుతున్నట్టు ఉంటుంది. చూపు కాగితాల మీద ఉంచండి. 'ఉదాహరణకు ఇలాంటి అంశం చెప్పవచ్చు' అని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ అనకండి, ఎందుకంటే మీరు ఇచ్చిన ఉదాహరణ అచ్చులోనే మిగిలిన అంశాలన్నీ పోతపోసినట్టు వస్తాయి.

ఇది సాధారణంగా వచ్చే మౌనం, పిల్లి మెడలో గంట మొదట ఎవరు కడతారా అని అందరూ ఎదురుచూసే మౌనం. దీనికి మందు అక్కర్లేదు. ఫలితం ముందే నిర్ణయమైపోయిందని గదిలో అందరికీ తెలిసినప్పుడు వచ్చే మౌనం వేరు. దాన్ని ఆ రోజు ఏ నైపుణ్యంతోనూ పోగొట్టలేరు. సమస్య సంక్లిష్టంగా ఉండాలి, వచ్చేవారిలో వైవిధ్యం ఉండాలి, నిజమైన ఘర్షణ ఉండాలి, నిర్ణయం నిన్ననే జరిగి ఉండవలసింది అన్నంత తొందర ఉండాలి అని ఓవెన్ చెప్పిన నాలుగు పరిస్థితులూ మీ సంస్థలో ఉన్నట్టే కనిపిస్తున్నాయి. ఐదో షరతు మీరే పరీక్షించుకోవాలి. అధిపతిని ఏకాంతంగా కూర్చోబెట్టి, 'ఈ రోజు చివర మీకు ఏమాత్రం నచ్చని ప్రతిపాదన గట్టిగా వస్తే ఏం చేస్తారు?' అని అడగండి. ఆయన తడుముకుంటే మంచిదే, ఆలోచిస్తున్నారన్నమాట. వెంటనే 'అలాంటిది రాదు లెండి' అంటే మాత్రం ఈ పనిని ఒప్పుకోవాలా వద్దా అని మరోసారి ఆలోచించండి.

మరో మాట. బడ్జెట్ పరిమితి, చట్టం, ఇప్పటికే జరిగిపోయిన నిర్ణయాలు, ఇలా మార్చడానికి వీల్లేనివేవైనా ఉంటే ఆహ్వాన పత్రంలోనే నాలుగైదు వాక్యాల్లో రాయించండి. గోడ ఎక్కడుందో ముందే తెలిసినవారు మిగిలిన జాగాలో ధైర్యంగా తిరుగుతారు. పిలుపు కూడా పిలుపులాగే ఉండాలి. రాకపోతే హాజరు పట్టీలో గుర్తు పెడతామన్న చోట వచ్చినవారే సరైనవారు అన్న ఓపెన్ స్పేస్ సూత్రానికి అర్థమే ఉండదు.

తుమ్మెద

అంశాలను కలపడం గురించి మాత్రమే చెబుతాను. ఫెసిలిటేటర్ కలపకూడదు. ఇద్దరు ప్రతిపాదకులూ తమంతట తాము కలుద్దామనుకుంటే సరే, లేకపోతే రెండూ గోడ మీద రెండుగానే ఉండాలి.

'ఖాతాదారుల ఫిర్యాదులు' అని ఒకరు, 'ఖాతాదారులకు జవాబులు' అని మరొకరు రాశారనుకోండి. దూరం నుంచి చూసే అధిపతికి రెండూ ఒకటే. మొదటివారికి కావలసింది తప్పు ఎక్కడ జరుగుతోందో వెతకడం, రెండోవారికి కావలసింది వచ్చే వారం నుంచి పాటించే ఒక పద్ధతి. కలిపేస్తే ఎక్కువ మాట్లాడేవారి ప్రశ్న నిలిచి, రెండోది అక్కడే కనుమరుగవుతుంది, పైగా ఇరవై మంది ఒకచోట చేరి నలుగురే మాట్లాడుతారు. విడిగా ఉంచితే పదేసి మంది రెండు చోట్ల మాట్లాడుకుంటారు, ఆసక్తి ఉన్నవారు అటూ ఇటూ తిరిగి ఒకచోటి మాటను మరోచోటికి మోసుకుపోతారు. ఓవెన్ ఇలా తిరిగేవారిని తుమ్మెదలతో పోల్చింది ఇందుకే. రెండు చోట్లా ఒకే మాట వచ్చిందనుకోండి, అది ఆ సంస్థకు ఎంత ముఖ్యమో దానివల్లే తెలుస్తుంది. దాన్ని వృథా అనుకోకూడదు.

ఒకే సమయంలో రెండూ పడితే, ఒకటి వేరే సమయానికి మార్చుకుంటారా అని ఎవరైనా ప్రతిపాదకుల్ని అడగవచ్చు. అడిగేవారు పాల్గొనేవారై ఉండాలి, మీరు కాదు.

ఎదురుప్రశ్న

పైన రాసినవాటిలో చాలావాటితో నాకు పేచీ లేదు. అయితే ఏమీ చేయకపోవడమే ఉత్తమం అన్న ధోరణి మాత్రం ఇలాంటి సంస్థల్లో ప్రమాదకరమని నా అభిప్రాయం.

నిర్మాణం లేదని చెప్పుకున్న బృందాల్లో నిర్మాణం పోదు, కంటికి కనిపించకుండా దాక్కుంటుంది. 1970ల తొలి రోజుల్లో అమెరికా మహిళా ఉద్యమ బృందాలను దగ్గరగా చూసిన జో ఫ్రీమాన్ చేసిన ఈ విమర్శ ఇప్పటికీ పాతబడలేదు. నియమాలు రాసి లేని చోట ముందునుంచి పరిచయాలున్నవారు, ధారాళంగా మాట్లాడగలవారు, ఉద్యోగ భద్రత ఉన్నవారు పెత్తనం చేస్తారు, దాన్ని ప్రశ్నించడానికి పట్టుకునే పిడి కూడా మిగతావారికి దొరకదు. ఓపెన్ స్పేస్‌కు నిర్మాణం లేదని నేను అనడం లేదు, నిజానికి దానికి చాలా గట్టి నిర్మాణమే ఉంది. కాని ఆ నిర్మాణం వలయంలోకి అడుగుపెట్టినవారందరికీ సమానమైన స్వేచ్ఛ ఉందని అనుకుని మొదలవుతుంది. మీ 80 మందికి ఆ స్వేచ్ఛ సమానంగా లేదు.

సూత్రాలనే తీసుకోండి. వచ్చినవారే సరైనవారు అన్న మాట, రానివారి కోసం బెంగపడకుండా ఉన్నవారితో పని మొదలుపెట్టమని చెప్పడానికి పుట్టింది. అదే మాట రాత్రి పాళీలో పనిచేసేవారిని, ఆ రోజు కౌంటరు వదిలి రాలేనివారిని మరచిపోవడానికి సాకుగా మారడం నేను చూశాను. ఏం జరిగితే అదే జరగగలిగింది అన్న సూత్రాన్ని సమావేశం ముగిశాక తప్పించుకోవడానికి వాడుకునేవారూ ఉన్నారు. ఎవరూ నోరు విప్పలేదేమంటే ఆ సూత్రాన్ని అడ్డం పెడతారు. పిలవడంలో జరిగిన లోపాన్ని సూత్రం మీదికి నెట్టకూడదు.

రెండు కాళ్ల నియమం గురించి మీరు అడిగిన ప్రశ్నే ఈ చర్చలో అన్నింటికంటే ముఖ్యమైనదని నేననుకుంటాను. కాళ్లతో నడవలేనివారిని కూడా కలుపుకోవడానికి దాన్ని ఇప్పుడు చాలామంది కదలిక నియమం అంటున్నారు, అది మంచి మార్పే. కాని మీ దగ్గర కదలనివ్వనిది శరీరం కాదు, హోదా. దీనికి నేను చెప్పగలిగిన ఉపాయం ఒక్కటే. అధిపతి మొదటి విడత చర్చల్లో తాను కూర్చున్న చోటు నుంచి, పదిహేను నిమిషాలు కాకముందే, అందరూ చూస్తుండగా లేచి, కూర్చున్నవారికి ధన్యవాదాలు చెప్పి, మరో చర్చకు వెళ్లాలి. ఆ మధ్యాహ్నానికల్లా కింది ఉద్యోగులు కూడా కదలడం మొదలుపెడతారు. నియమాన్ని మీరు ఎంత వివరంగా చెప్పినా రాని ధైర్యం ఆయన ఒక్కసారి లేచి నడిస్తే వస్తుంది. దీన్ని ఆయనతో ముందే మాట్లాడి ఒప్పించడం మీ పని, దాన్ని నేను జోక్యం అనే అంటాను.

అధిపతి అంశం పెట్టకూడదు. కనీసం మొదటి విడత గోడ నిండేవరకు పెట్టకూడదు. ఆయన కాగితం ఒక్కటి గోడ ఎక్కితే సగం మంది అక్కడే చేరతారు.

గోడమీది_చీటీ

ఎదురుప్రశ్న గారి రెండు మాటలు ఒప్పుకుంటున్నాను. రాలేనివారి గురించి చెప్పినదీ, అధిపతి లేచి నడవడం గురించి చెప్పినదీ నా జవాబులో ఉండవలసినవే. ఆ రెండూ సమావేశానికి ముందు జరిగే పనులు కాబట్టి మా ఇద్దరి మధ్య అంత దూరం లేదనుకుంటాను.

అధిపతి అంశం పెట్టకూడదన్నదానితో మాత్రం ఏకీభవించలేను. ఆయనకు నిజంగా నిద్రపట్టనివ్వని ప్రశ్న ఒకటి ఉండి, దాన్ని బయటపెట్టకుండా రోజంతా మొహమాటంగా తిరిగితే, అందరూ ఆ పెట్టని ప్రశ్న చుట్టూనే తిరుగుతారు. చూడవలసింది ఆయన కాగితం మీద ఉన్నది ప్రశ్నా, జవాబా అన్నది. 'రెండు విభాగాలూ ఒకే రిజిస్టరు వాడే విధానం' అని రాస్తే అది ప్రకటన. 'మన దగ్గర ఖాతాదారులు ఎందుకు రెండుసార్లు ఫోన్ చేయవలసి వస్తోంది? నాకు తెలియదు' అని రాస్తే వచ్చేవారు నోరు విప్పుతారు. మొదటగా లేవవద్దన్న సలహా మాత్రం సరైనదే. నలుగురైదుగురు అంటించాక ఆయన లేవడం మంచిది.

సగం మంది ఆయన దగ్గర చేరతారన్నది నిజమే. చేరనివ్వండి. ఆ చర్చ ఎంత చప్పగా సాగిందో, పక్క మూలలో ఆరుగురు కూర్చున్న చర్చ ఎంత వేడిగా సాగిందో మధ్యాహ్నానికి అందరికీ తెలుస్తుంది, ఆయనకు కూడా.

రాతపని

ఇంతవరకు ఎవరూ ఎత్తని విషయం ఒకటి ఉంది, అది సమయం. ఒక రోజులో మంచి చర్చలు జరుగుతాయి. రెండు రోజులుంటే ఆ చర్చల నివేదికలన్నీ చేతికి వస్తాయి. ఏది ముందు, ఏది తర్వాత, ఎవరు ఏం చేస్తారు అన్నది తేల్చడానికి ఇంకో అరపూటైనా కావాలి, అంటే మూడో రోజులోకి వెళ్లాలి. ఓపెన్ స్పేస్ నడిపేవారిలో చాలాకాలంగా ఉన్న లెక్క ఇది. ఒక్క రోజులో 80 మందితో నిర్ణయాలు కూడా వచ్చేస్తాయని మీ అధిపతి ఆశిస్తుంటే ఆ ఆశను ఇప్పుడే తగ్గించండి. గంటన్నర చొప్పున మూడు విడతలు, ప్రారంభ వలయం, ముగింపు వలయం పెట్టేసరికి రోజు నిండిపోతుంది.

నివేదికలు మాత్రం వాయిదా వేయవద్దు. అంశం పెట్టినవారే, లేదా వారు అడిగితే ఒప్పుకున్న మరొకరు, చర్చ ముగిసిన వెంటనే ఒక పేజీ రాయాలి. అంశం, పెట్టినవారి పేరు, వచ్చినవారి పేర్లు, ముఖ్యమైన మాటలు, ఇక చేయవలసినది, ఇంతే. ఆ పేజీలన్నీ ఆ సాయంత్రమే అందరి చేతికీ, ఎవరూ సవరించకుండా, అందాలి. పై ఆఫీసు ఒకసారి చూసి పంపుదామన్న మాట ఎవరైనా అంటే గట్టిగా అడ్డుకోండి. ముందుకు రాలేని ఉద్యోగులు జరిగినదాన్ని నమ్మేది తమ మాట తాము అన్నట్టే ముద్రణలో కనిపించినప్పుడే.

పేర్ల విషయంలో ఒక జాగ్రత్త తీసుకోవాలి. మీ చోట ఎవరు ఏమన్నారో రాయించవద్దు. వచ్చినవారి పేర్లు ఒక చోట, అన్న మాటలు మరో చోట ఉంటే చాలు.

కౌంటరు వదిలి రాలేనివారి కోసం కొంత భాగాన్ని ఆన్‌లైన్‌లో కలపాలని మీకు అనిపించవచ్చు. అలా చేస్తే, పాల్గొనేవారే గది ఎంచుకుని మారగలిగే ఏర్పాటు ఉన్న సాధనమే వాడండి. 2020లో జూమ్‌లో ఆ వీలు వచ్చేదాకా నిర్వాహకులే ఒక్కొక్కరినీ గదిలోకి పంపవలసి వచ్చేది, అంటే కదలిక నియమం పేరుకే మిగిలేది. నా మట్టుకు నేను సగం మంది గదిలో, సగం మంది తెర మీద ఉండే ఏర్పాటుకు వ్యతిరేకిని. తెర మీద ఉన్నవారు చాలా త్వరగా ప్రేక్షకులైపోతారు. అందరూ గదిలో ఉండాలి, లేదా అందరూ తెర మీద ఉండాలి.

వలయం_అంచున

అందరికీ కృతజ్ఞతలు. ఇవన్నీ చదివాక అధిపతితో మళ్లీ కూర్చున్నాను. నచ్చని ప్రతిపాదన వస్తే ఏం చేస్తారన్న ప్రశ్నను ఉన్నదున్నట్టు అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, రెండు విభాగాలనూ ఒకే అధికారి కిందికి తెచ్చే నిర్ణయం ఇప్పటికే జరిగిపోయిందనీ, దాన్ని సమావేశం తర్వాత ప్రకటిద్దామనుకున్నాననీ చెప్పారు. సమావేశంలో అందరూ కలిసి ఆలోచించి ఆ నిర్ణయానికే వస్తారని ఆయన అనుకున్నారట. నలుగురైదుగురిని ముందే తయారుచేద్దామన్న ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు అర్థమైంది.

ముందుగా ప్రకటిస్తేనే సమావేశం నడుపుతానని చెప్పాను. ఒప్పుకున్నారు. ప్రకటన వారం రోజుల్లో వెలువడుతుంది. ఆహ్వాన పత్రంలో ఆ నిర్ణయం మారదని రాస్తారు. థీమ్ కూడా మార్చాం, 'ఒకే విభాగంగా మారుతున్న మనం మొదటి ఆరు నెలల్లో ఏం కాపాడుకోవాలి, ఏం వదిలేయాలి?' అని. అంశాలను నేను కలపనని చెప్పాను, దానికి ఆయనకు అభ్యంతరం లేకపోయింది. ఆయన తన ప్రశ్నను గోడ కొంత నిండాకే పెడతారు. పదిహేను నిమిషాల్లో లేచి నడవడం మాత్రం ఆయనకు కష్టంగా ఉంది, అవతలివారిని అవమానించినట్టు ఉంటుందంటున్నారు.

ఇక మిగిలినది కౌంటర్లలో ఉండేవారి సంగతి. దాదాపు ఇరవై మంది ఆ రోజు రాలేరు. రాతపని గారి మాట విని ఆన్‌లైన్ ఆలోచన మానుకున్నాను. ఇంకో దారి ఉందా?

ఎదురుప్రశ్న

నిర్ణయాన్ని ముందే ప్రకటించేలా చేయడం ఆ రోజంతా మీరు చేయబోయే పనికంటే పెద్దది. ప్రకటన వెలువడ్డాక కొందరికి కోపం వస్తుంది, ఆ కోపం థీమ్ పక్కన పెట్టి గోడ ఎక్కుతుంది. 'ఈ నిర్ణయం ఎవరు తీసుకున్నారు?' అని ఎవరైనా రాస్తే దాన్ని తీసేయమని అధిపతి మీ వైపు చూస్తారు. తీసేయవద్దు. ఆ చర్చకు తగినంత పెద్ద చోటు ఉండేలా చూడండి చాలు.

లేచి నడవడం అవమానంగా ఉంటుందన్నదానికి, ప్రారంభ వలయంలోనే ఆయనచేత ఒక మాట చెప్పించండి. 'నేను ఒక చోటి నుంచి లేచి వెళితే అక్కడి మాట నచ్చలేదని కాదు, నేను కూర్చుంటే మీరు నావైపే చూసి మాట్లాడతారని' అని ఆయన తన మాటల్లో చెబితే సరిపోతుంది. అప్పుడు ఆయన లేవడం మర్యాదగానే కనిపిస్తుంది, వెనకే మరొకరు లేచినా ఎవరూ తప్పు పట్టరు.

రాలేని ఇరవై మందికి రెండు పనులు చేయవచ్చు. కౌంటర్లలో కూర్చునేవారిని ఉదయం సగం, మధ్యాహ్నం సగం మార్చగలిగితే పది మందైనా మధ్యాహ్నం విడతలకు వస్తారు. మధ్యలో వచ్చేవారికి ప్రారంభ వలయం ఉండదు కాబట్టి, మధ్యాహ్న విడతకు ముందు పావుగంట మళ్లీ అందరూ వలయంగా కూర్చుని, కొత్త అంశాలకు మరోసారి పిలవండి, గోడ మీద ఆ విడతకు కొన్ని చోట్లు ఖాళీగా ఉంచండి. అప్పటికీ రాలేని పది మందికి వారం లోపల వాళ్ల పని వేళల్లోనే, జీతం కోత లేకుండా, అరపూట ఓపెన్ స్పేస్ విడిగా పెట్టమని అడగండి. అయిదుగురున్నా ఈ పద్ధతి పనిచేస్తుంది. మొదటి రోజు నివేదికలు గోడకు అంటించి, ఖాళీ కాగితాలు పక్కన పెట్టండి. అధిపతి దానికి కూడా రావాలి, మొదటి రోజు వచ్చినంత సేపూ ఉండాలి.

వలయం_అంచున

మధ్యాహ్నం రెండో పిలుపు గురించి నాకు తట్టనే లేదు. కౌంటర్ల మార్పిడి గురించి రేపు ఉదయం అడుగుతాను. జీతం కోత లేకుండా అన్న మాటను ఆహ్వాన పత్రంలోనే రాయించడానికి ప్రయత్నిస్తాను.